ఈగలపెంట ఎక్కుడులో మరిగిన బండి: లోపం ఘాట్ రోడ్డుది కాదు

నమస్కారం. మీరు రాసినది రెండుసార్లు చదివాను. పాత ట్రావెలర్ వ్యాను కొని, సీట్లు తీయించి, పడకలు, చిన్న వంటగట్టు, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు, అదనంగా రెండు బ్యాటరీలు, పైన సోలార్ పలకలు పెట్టించుకున్నారు. దేవరకొండ నుంచి డిండి, మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లారు. పొద్దున చల్లగా ఉండడంతో సున్నిపెంట ఎక్కుడులో ఇంజను వేడి చూపే ముల్లు కొంచెమే కదిలింది. తిరిగి వస్తూ మధ్యాహ్నం ఎండలో డ్యాం దిగువ వంతెన దాటి ఈగలపెంట వైపు ఎక్కేటప్పుడు ముల్లు ఎర్రగీతను తాకింది, కూలెంట్ సీసాలో నీళ్లు బుడబుడలాడాయి. అంతకుముందే నీళ్లు తగ్గాయని రెండుసార్లు ఇంటి బోరు నీళ్లు పోశారు. ఇంటికి చేరాక ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజను వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచే కవాటం) తీసి పక్కన పడేసి, పెద్ద రేడియేటరూ కరెంటు ఫ్యానూ పెట్టించమన్నాడు. కార్తీక మాసంలో అమ్మానాన్నలతో మళ్లీ వెళ్లవచ్చా అన్నది మీ ప్రశ్న.

వెళ్లవచ్చు. కానీ పెద్ద రేడియేటర్ ఇప్పుడే కొనకండి. మహబూబ్‌నగర్‌లో ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. ఘాటులో మరిగి నా దగ్గరకు వచ్చిన బండ్లలో రేడియేటర్ చిన్నదై మరిగినవి చాలా తక్కువ. కంపెనీ ఇచ్చిన రేడియేటర్ నిండా మనుషులు కూర్చున్న బండిని ఎక్కించగలిగేలా చేసిందే. అది తన పని పూర్తిగా చేయలేకపోతోంది, అంతే. ఎందుకు చేయలేకపోతోందో కనిపెట్టకుండా పెద్దది పెడితే రెండేళ్లలో అదీ పూడిపోతుంది.

దేవరకొండ రోడ్డు మీద డెబ్బై వేగంతో వెళ్లేటప్పుడు ఇంజను తన బలంలో కొంత భాగమే వాడుతుంది, ఎదురుగాలి రేడియేటర్‌లోకి దానంతట అదే దూసుకువస్తుంది. అక్కడ రేడియేటర్ సగం పూడినా ముల్లు కదలదు. ఘాటులో వేగం ఇరవై, ఇరవై అయిదు. ఇంజను దాదాపు పూర్తి బలంతో లాగుతుంటుంది, ఎదురుగాలి ఉండదు, ఫ్యాను ఒక్కటే దిక్కు. వేడి పుట్టడం పెరిగి, వేడి పోయే దారి తగ్గుతుంది. అందుకే ఏడాది నుంచి ఉన్న లోపం అక్కడ పది నిమిషాల్లో బయటపడుతుంది.

మీ విషయంలో నా మొదటి అనుమానం బోరు నీళ్ల మీదే. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. అది మన ఎముకలకు, పళ్లకు శత్రువు. రేడియేటర్‌ను చంపేది మాత్రం అదే నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. మీ ఇంట్లో నీళ్లు కాచే హీటర్ కడ్డీని ఒకసారి బయటకు తీసి చూడండి. దాని చుట్టూ తెల్లగా, గరుకుగా, గోటితో గీకితే పొరలుగా రాలే గార ఉంటుంది. బోరు నీళ్లు ఎక్కడ వేడెక్కినా అక్కడ ఆ గార కడుతుంది. రేడియేటర్ గొట్టం లోపలి సందు ఒకటి రెండు మిల్లీమీటర్లే. అందులో అట్టముక్క మందాన గార పట్టినా నీళ్ల దారి ఇరుకవుతుంది, మిగిలిన నీళ్లకూ లోహానికీ మధ్య అది దుప్పటిలా అడ్డుపడి వేడిని బయటకు పోనివ్వదు.

ఒకసారి డిండి వైపు నుంచి యాత్రికులను తిప్పే బండి వచ్చింది. ఇత్తడి ట్యాంకుల పాత రేడియేటర్. పై ట్యాంకు అతుకు విప్పి చూస్తే వరుసగా ఉన్న గొట్టాల మూతులు మూడింట రెండు వంతులు కనిపించలేదు. సున్నం మెత్తినట్టు తెల్లగా, మధ్యమధ్య తుప్పు రంగుతో గట్టిపడి ఉంది. సన్నని ఇనుప పట్టీతో పొడిస్తే కరకరమని విరిగింది. ఆ బండి యజమాని రోజూ పొద్దునే రేడియేటర్ నింపేవారు, అది శ్రద్ధ అనుకున్నారు. నింపిన ప్రతి లీటరుతో పాటు కొంత సున్నం కూడా పోస్తున్నట్టేనని ఆ రోజు ఆయనకు చూపించాను.

రేడియేటర్ విప్పే ముందు మరొకటి తేల్చుకోవాలి. ఒకసారి ఎర్రగీత దాకా వెళ్లిన ఇంజనులో హెడ్ గాస్కెట్, అంటే ఇంజను బ్లాకుకూ దాని మీది హెడ్‌కూ మధ్య ఉండే పట్టీ, దెబ్బతిని ఉండవచ్చు. రాత్రంతా ఇంజను చల్లబడ్డాక రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి, ఒక నిమిషం నీళ్లవైపు చూడండి. ఆగకుండా సన్నని బుడగలు వస్తున్నాయా? చల్లని ఇంజను స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోస్ పైపు రాయిలా బిగుసుకుంటోందా? ఆయిల్ మూత అడుగున పాల మీగడ లాంటి పదార్థం ఉందా? ఇంజను వేడెక్కిన తరువాత కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి వస్తోందా? వీటిలో ఒక్కటి కనిపించినా మిగతా పనులన్నీ ఆపి గాస్కెట్ పరీక్ష చేయించండి. సిలిండర్‌లోని కంప్రెషన్ గాలి నీళ్లలోకి వెళ్తున్నప్పుడు కొత్త రేడియేటర్ కూడా ఏమీ చేయలేదు.

అది బాగుందని తేలితే బయటి మురికితో మొదలుపెట్టండి. ముందు ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటకు వదిలే జాలీ), దాని వెనక రేడియేటర్, రెండింటి మధ్య వేళ్లు దూరనంత సందు. మన ప్రాంతంలో ఆ సందులో పత్తి నూగు, వరి పొట్టు, పురుగులు, ఎర్రమట్టి కలిసి పలుచని కంబళిలా పేరుకుంటాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ మెరుస్తూ కనిపిస్తుంది, వెనక రేడియేటర్ ముఖం మూసుకుపోయి ఉంటుంది. కండెన్సర్ బిగింపులు వదులు చేసి, గ్యాసు పైపులు వంచకుండా కొంచెం ముందుకు జరిపి, ఇంజను వైపు నుంచి ముందుకు నీళ్లు కొట్టాలి. సర్వీసింగ్ సెంటరులోని పెద్ద ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రేడియేటర్ సన్నని రేకులు వంగి పడుకుంటాయి, పడుకున్న రేకుల మధ్య గాలి పోదు. తోట పైపు ధార చాలు, ఓపిక కావాలి. మీరు పెట్టిన ఫొటోలో బండి ముందు స్టీలు గార్డూ, దాని మీద రెండు పెద్ద లైట్లూ ఉన్నాయి. ఆ లైట్లు సరిగ్గా గాలి లోపలికి వెళ్లే చోట ఉన్నాయి. దయచేసి వాటిని పక్కకు జరిపించండి.

తరువాత లోపలి పూడిక ఎక్కడుందో కొలవండి. లేజర్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి, ఇలాంటి బండి ఉన్నవారికి జీవితాంతం పనికివస్తుంది. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది. అందుకే కొలిచే చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీదకు గురిపెట్టండి. ఇంజను బాగా వేడెక్కి నీళ్లు తిరుగుతున్నప్పుడు రేడియేటర్ ముఖం మీద నాలుగు మూలలా, మధ్యలో కొలవండి. నీళ్లు లోపలికి వచ్చే వైపు నుంచి బయటకు పోయే వైపుకు వేడి మెల్లగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఎక్కడైనా చల్లని మచ్చ దొరికితే అక్కడి గొట్టాలు మూసుకుపోయాయని అర్థం. పై హోస్ పైపు, కింది హోస్ పైపు వేడి కూడా రాసుకోండి. ఇంజను కష్టపడుతున్నప్పుడు రెండింటికీ ఇరవై డిగ్రీల పైన తేడా ఉంటే నీళ్ల పారకం తక్కువగా ఉంది, అంటే పూడికో నీళ్ల పంపో. తేడా రెండు మూడు డిగ్రీలే ఉండి రెండూ కాలిపోతుంటే నీళ్లు బాగానే తిరుగుతున్నాయి, గాలి తగలడం లేదు, అంటే ఫ్యానో బయటి మురికో.

పూడిక తక్కువగా ఉంటే రేడియేటర్ క్లీనర్ ద్రావణంతో కడగవచ్చు. సీసా మీద రాసిన కొలత, సమయం మించకూడదు. అల్యూమినియం రేడియేటర్ అయితే ఇంకా జాగ్రత్త, ఇంట్లో బాత్రూమ్ కడిగే యాసిడ్ పొరపాటున కూడా వాడవద్దు. కడిగేటప్పుడు చాలామంది రేడియేటర్ కింది కుళాయి మాత్రమే విప్పుతారు. ఇంజను బ్లాకుకు పక్కన వేరే డ్రెయిన్ బోల్టు ఉంటుంది, దాన్ని కూడా విప్పాలి. ఇనుప బ్లాకు అడుగున చేరిన తుప్పు బురద అక్కడి నుంచే వస్తుంది. బోల్టు విప్పినా చుక్క రాకపోతే బాగైందని అనుకోకండి, రంధ్రం ముందు బురద గట్టిపడింది. తీగతో మెల్లగా పొడిచి చూడండి. నీళ్లు తేటగా వచ్చేవరకు కడగాలి, థర్మోస్టాట్ ఆ సమయంలో బయట ఉంటేనే మంచిది. పూడిక బాగా ఎక్కువగా ఉంటే, ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పించి గొట్టాలు పొడిపించవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్ అయితే అదే కొలతది కొత్తది వేయడమే మేలు.

నింపేటప్పుడు ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ నీళ్లు సగం సగం. ముందే కలిపి అమ్మేది కొంటే నీళ్లు చేర్చవద్దు. కూలెంట్ చలి దేశాలకే కావాలి, మనకెందుకు అంటారు. మనకు గడ్డకట్టే బాధ లేదు, కానీ అందులో తుప్పు పట్టనివ్వని మందులు ఉంటాయి, మరిగే స్థానం కూడా పెరుగుతుంది. మామూలు నీళ్లు వంద డిగ్రీలకు మరుగుతాయి. సగం సగం మిశ్రమం సుమారు 107 డిగ్రీల దాకా ఆగుతుంది. రేడియేటర్ మూత సరిగ్గా పట్టి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి నిలిపితే ఆ హద్దు 125 దాటుతుంది.

అంటే ఆ మూత ఎంత ముఖ్యమో చూడండి. మీ సీసాలో నీళ్లు బుడబుడలాడాయంటే ముల్లు చూపిన వేడికే మరిగాయా, లేక మూత ఒత్తిడి నిలపలేక ముందే మరిగాయా అన్నది తెలియదు. మూత అడుగున రబ్బరు పట్టీ గట్టిపడి గాడి పడిందేమో, మధ్యలోని చిన్న కవాటం వేలితో లాగితే వచ్చి మళ్లీ మూసుకుంటోందో లేదో చూడండి. ఇంజను చల్లారిన తరువాత పై హోస్ పైపు చప్పిడి ముక్కులా నొక్కుకుపోతుంటే ఆ చిన్న కవాటం ఇరుక్కుపోయింది. మూత పాతదైతే దాని మీద ఉన్న ఒత్తిడి అంకె చూసి అదే అంకెది కొత్తది వేయండి. ఎక్కువ అంకెది వేస్తే మంచిదని ఎవరైనా చెబితే వినకండి, హోస్ పైపులు పగులుతాయి.

థర్మోస్టాట్ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఘాటుకు అది తీసేయడమే మందు అన్న మాట మన దగ్గర చాలా పాతది, చాలా ఇంజన్లను పాడుచేసింది. ఎక్కువ డీజిల్ ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. వేడెక్కాక రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే కదలికతో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజనులోకే తిరిగి వెళ్లే చిన్న అడ్డదారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే అడ్డదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఘాటులో వేడి నీళ్లలో కొంత రేడియేటర్ ముఖమే చూడకుండా మళ్లీ ఇంజనులోకి పోతుంది. చదునైన రోడ్డు మీదేమో ఇంజను తన వేడికి చేరక డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు త్వరగా అరుగుతాయి. కంపెనీ చెప్పిన డిగ్రీలదే కొత్తది తెచ్చి, బిగించే ముందు గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి, పొయ్యి మీద వేడి చేయండి. దాని మీద 82 అని ఉంటే థర్మామీటర్ ఆ అంకెకు చేరేసరికి సన్నగా తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగే లోపు దాదాపు చిటికెన వేలు మందాన తెరుచుకోవాలి. కొత్తవాటిలోనూ తెరుచుకోనివి నేను చూశాను.

కూలెంట్ నింపాక లోపల గాలి చిక్కుకోకుండా చూడండి. బండి ముక్కు ఎత్తుగా ఉండేలా ఏటవాలు మీద ఆపి, క్యాబిన్ హీటర్ పూర్తిగా తిప్పి, మూత తీసి ఇంజను నడపండి. గాలి వదిలే స్క్రూ ఉంటే బుడగలు ఆగేవరకు తెరిచి ఉంచండి. హోస్ పైపును చేత్తో నొక్కుతూ వదులుతూ ఉంటే గుటకలు మింగినట్టు గాలి బయటకు వస్తుంది. వెనక పడకల దగ్గర అదనపు హీటర్ ఏదైనా పెట్టించి ఉంటే దాని పైపుల్లో కూడా గాలి ఉంటుంది, దాన్ని మరిచిపోవద్దు.

కరెంటు ఫ్యాను వద్దు. బెల్టుతో తిరిగే విస్కస్ ఫ్యాను (లోపలి ద్రవం వల్ల, వేడి పెరిగే కొద్దీ గట్టిగా తిరిగేది) బాగుంటే దాని గాలికి చిన్న కరెంటు ఫ్యాను సరితూగదు, పైగా ఇంజనుతో తిరిగి కరెంటు ఇచ్చే మీ ఆల్టర్నేటర్ ఇప్పటికే అదనంగా రెండు బ్యాటరీలను మోస్తోంది. ఇంజను ఆపి, చల్లగా ఉన్నప్పుడు ఫ్యానును చేత్తో తిప్పండి. కొంచెం బిగువుగా తిరిగి ఆగాలి. వదిలేసిన బొంగరంలా తిరుగుతూనే ఉంటే, లేదా మధ్యలో జిడ్డు కారిన చారలు ఉంటే లోపలి సిలికాన్ ద్రవం పోయింది. ఇంజను బాగా వేడెక్కినప్పుడు ఆ ఫ్యాను హోరు పెరగాలి. ఈగలపెంట ఎక్కుడులో ఆ హోరు వినిపించిందా? మీరు దాని గురించి రాయలేదు కాబట్టి గుర్తుచేసుకోండి.

బరువు కూడా ఒక మాట. వంద లీటర్ల నీళ్లంటే నిండుగా వంద కిలోలు, ఒక పెద్దమనిషి కంటే ఎక్కువ. ఘాటులో దాన్ని ఎందుకు మోయాలి? పాతిక లీటర్లతో బయలుదేరి, పైకి వెళ్లాక నింపుకోండి.

ఇక నడపడం. ఎక్కుడులో మూడో గేరులో పెడల్ అదిమి ఇంజను గిరగిరా కాక గుడగుడమంటూ లాగించడం పెద్ద తప్పు. నీళ్ల పంపు, ఫ్యాను రెండూ ఇంజను తిరిగే వేగాన్ని బట్టే తిరుగుతాయి. పన్నెండు వందల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర మూలుగుతుంటే వేడి పూర్తిగా పుడుతుంది, చల్లబరిచేవి సగమే పనిచేస్తాయి. రెండో గేరుకు మార్చి రెండు వేల పైన ఉంచి, పెడల్ సగం వదిలి నెమ్మదిగా ఎక్కండి. ముందు లారీ ఉంటే దాని తోక పట్టుకుని పోకండి, దాని వేడి గాలి మీ రేడియేటర్‌లోకే వస్తుంది. ఏసీ ఎక్కుడు మొదలయ్యే ముందే ఆపండి.

ముల్లు మామూలు చోటు దాటి పైకి కదిలితే కిటికీలు తెరిచి హీటర్ పూర్తిగా తిప్పండి. ఎండలో పిల్లలు కేకలు వేస్తారు, కానీ అది ఒక చిన్న రేడియేటర్‌లా పనిచేస్తుంది. అయినా తగ్గకపోతే మలుపు కాని, ఇరువైపుల నుంచి కనిపించే చోట ఆపండి. ఆవిరి రాకుండా, నీళ్లు కారకుండా ఉంటే ఇంజను వెంటనే ఆపకండి. న్యూట్రల్‌లో పెడల్ కొంచెం తొక్కి రెండు మూడు నిమిషాలు నడపండి, ముల్లు దిగుతుంది. దిగకుండా ఇంకా ఎక్కుతుంటే ఆపేయండి. ఆవిరి కొడుతుంటే, నీళ్లు పోతుంటే వెంటనే ఆపండి. లోపల నీళ్లు లేనప్పుడు ఇంజను తిప్పడం హెడ్‌ను వంచడమే.

మూత మాత్రం వేడి మీద తీయకండి. నా వర్క్‌షాపులో కొత్తగా చేరిన కుర్రవాడు తొందరపడి తీశాడు. నీళ్లు ధారగా కాదు, ఒక్కసారిగా లేచాయి, మోచేయి నుంచి అరచేయి దాకా తోలు ఊడింది. అప్పటి నుంచి మా దగ్గర ఒకే నియమం: పై హోస్ పైపును గుడ్డతో పట్టుకుని నొక్కగలిగేంత మెత్తబడేవరకు మూత జోలికి వెళ్లకూడదు. ముప్పావు గంట పట్టినా సరే. తరువాత మందపాటి గుడ్డ వేసి మొదటి మెట్టు దాకా తిప్పి, బుస్సుమనడం ఆగాక పూర్తిగా తీయాలి. వేడి ఇంజనులో చల్లని నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగలవచ్చు. ఇంజను నడుస్తుండగా కొద్దికొద్దిగా పోయాలి. దారిలో డిస్టిల్డ్ నీళ్లు లేకపోతే తాగే సీసా నీళ్లు పోయండి, ఇంటికి వచ్చాక మార్చండి. బండిలో ఎప్పుడూ అయిదు లీటర్ల కూలెంట్ మిశ్రమం, ఒక బెల్టు, పై హోస్ పైపు, రెండు మూడు క్లిప్పులు ఉంచండి.

దిగేటప్పుడు ఇంజను చల్లగానే ఉంటుంది, ప్రమాదం బ్రేకుల్లో ఉంటుంది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. న్యూట్రల్ వద్దు. డీజిల్ ఆదా అని ఇంజను ఆపడం అసలే వద్దు, బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్, స్టీరింగ్ సాయం రెండూ పోతాయి. బ్రేకును అలా తొక్కి ఉంచకుండా, గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదలాలి, మళ్లీ తొక్కాలి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్-3 ఆయిల్ 205 డిగ్రీలకు మరిగితే, తేమ పట్టినది 140కే మరగవచ్చు. అప్పుడు పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. రెండేళ్లుగా మార్చకపోతే ప్రయాణానికి ముందే మార్పించండి. కాలిన వాసన వస్తే ఆగండి, కాగిన చక్రాలకు హ్యాండ్ బ్రేకు బిగించకుండా గేరులో పెట్టి చక్రాల కింద రాళ్లు పెట్టండి. బయలుదేరేటప్పుడు ఆ రాళ్లు తీసి పక్కన వేయండి. రాత్రి రెండు చక్రాల బండి మీద వచ్చేవారికి ఆ రాయి కనిపించదు. ఇరుకు చోట దిగే బండి ఎక్కే బండికి దారి ఇవ్వాలన్నది చట్టంలోనూ ఉంది. మధ్యలో ఆగిన బరువు బండి మళ్లీ కదలడం ఎంత కష్టమో ఇప్పుడు మీకు తెలుసు.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. గేటు అందుకోవాలన్న తొందరలోనే చాలామంది ఘాటులో బండిని చావగొడతారు. శ్రీశైలంలో మధ్యాహ్నం భోజనం చేసి ఎండలో ఎక్కే బదులు, రాత్రి అక్కడే ఉండి తెల్లవారాక బయలుదేరండి. మీ బండిలో పడకలే ఉన్నాయి కదా. అడవి మధ్యలో అనవసరంగా ఆగకండి. దోమలపెంట, వటవర్లపల్లి లాంటి ఊళ్లలో ఆగి బానెట్ తెరిచి చూసుకోవచ్చు.

అమ్మానాన్నలను ఎక్కించే ముందు పనులన్నీ అయ్యాక ఇద్దరే, సామానుతో సహా, ఒకసారి ఈగలపెంట నుంచి డ్యాం దాకా దిగి అదే దారిలో తిరిగి ఎక్కండి. ఈగలపెంట చేరగానే ఇంజను ఆపకుండా పై హోస్ పైపు, కింది హోస్ పైపు వేడి, ముల్లు ఎక్కడుందో, ఫ్యాను హోరు మారిందో లేదో రాసుకుని ఇక్కడ పెట్టండి. పంపు మార్చాలా వద్దా అన్నది ఆ అంకెలు చూసి చెబుతాను.